అనామతు ఖాతాలో ఒక ప్రశ్న

ఒక మనిషికి కాలు లేదని, కంటికి చూపు లేదని తెలియగానే మన నోట వచ్చే మాట ఒకటుంది: "ఏ జన్మలో ఏ పాపం చేసుకున్నాడో!" జాలితోనే అంటాం. దుర్బుద్ధి ఏమీ ఉండదు. కాని ఆ జాలిమాట లోపల ఒక తీర్పు దాగి ఉంటుంది. జన్మాంతరాలను నమ్మని క్రైస్తవులం మేము ఆ మాట అనకపోవచ్చు. దానికి బదులు మా దగ్గర వేరే రెండు మాటలున్నాయి. ఒకటి "దేవుడు పరీక్షిస్తున్నాడు", రెండోది "విశ్వాసం చాలలేదు". మాటలు వేరైనా లెక్క ఒక్కటే.

లెక్క అని ఎందుకంటున్నానంటే, నేను చదివింది కామర్సు, ముప్పై ఏళ్లుగా చేస్తున్నది బ్యాంకు ఉద్యోగం. జంటపద్దు విధానంలో ప్రతి డెబిట్‌కూ ఎదురుగా ఒక క్రెడిట్ ఉండి తీరాలి. బాధ విషయంలోనూ మనం అదే కోరుకుంటాం. ఈ పక్క ఒక బాధ కనిపించింది గనుక, ఆ పక్క దానికి సరిపడే పాపమో, పరీక్షో, రాబోయే బహుమానమో ఉండాలి. లేకపోతే మనకు తోచదు. నిజానికి ఆ ఎదురుపద్దు రాసేది బాధపడే మనిషి కోసం కాదు, చూసేవాడి మనశ్శాంతి కోసం.

ఈ ధోరణి చాలా పాతది. బైబిలులోని యోబు ఆస్తి పోగొట్టుకున్నాడు, బిడ్డల్ని పోగొట్టుకున్నాడు, ఒళ్లంతా కురుపులతో బూడిదలో కూర్చున్నాడు. ముగ్గురు స్నేహితులు వచ్చి ఏడు రోజులు ఏమీ మాట్లాడకుండా అతని పక్కన కూర్చున్నారు. ఆ ఏడు రోజులూ వాళ్లు స్నేహితులే. నోరు తెరిచాక ఆడిటర్లయ్యారు. ఎక్కడో నీ తప్పుంది, వెతుక్కో అన్నారు. చివరికి దేవుడు కోపగించుకున్నది మొరపెట్టిన యోబు మీద కాదు, వివరణలిచ్చిన ఆ ముగ్గురి మీద. యోబుకు పోయినవాటికి రెండింతలు తిరిగి వచ్చాయి గాని, ఇదంతా ఎందుకు జరిగిందన్న జవాబు మాత్రం అతనికి అందలేదు.

యోహాను సువార్తలోనూ ఇదే ప్రశ్న వస్తుంది. పుట్టుకతో చూపులేని మనిషిని చూపించి, పాపం ఇతనిదా, తల్లిదండ్రులదా అని శిష్యులు అడుగుతారు. ఇద్దరిదీ కాదంటాడు యేసు. దేవుని పని ఇతనిలో వెల్లడి కావాలంటాడు. ఈ మాట పట్టుకుని, "చూశారా, అందుకే గుడ్డివాడుగా పుట్టాడు" అని మళ్లీ ఎదురుపద్దు రాసేవాళ్లు ఉన్నారు. నాకలా అనిపించదు. శిష్యులు వెనక్కి చూసే ప్రశ్న అడిగారు, ఆయన ముందుకు చూసే జవాబు చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు, వంగి మట్టి కలిపాడు.

మా చెల్లెలికి రెండో ఏట పోలియో వచ్చింది. అప్పుడు మేము కోలారు బంగారు గనుల దగ్గర ఉండేవాళ్లం. చుక్కల మందు ప్రతి ఇంటికీ చేరని రోజులవి. ఆమెకు పదహారేళ్లప్పుడు బంధువులు ఒక స్వస్థత కూటానికి తీసుకువెళ్లారు. ప్రసంగీకుడు తలమీద చెయ్యి పెట్టి లేచి నడవమన్నాడు. ఆమె లేవలేకపోయింది. "ఈ బిడ్డలో అవిశ్వాసముంది" అని మైకులోనే అన్నాడాయన. కాలికి వచ్చిన కష్టం చాలదన్నట్టు, మనసు మీద కూడా ఒక నేరం మోపి పంపించారు. తరువాత రెండేళ్లు ఆమె చర్చి గడప తొక్కలేదు. మళ్లీ వచ్చిందంటే ఎవరి వాదనకో లొంగి కాదు. మా సంఘంలోని ఒక పెద్దావిడ ఆ రెండేళ్లూ ఆదివారం మధ్యాహ్నాలు మా ఇంటికి వచ్చి, అమ్మ ముందు పెట్టిన చింతపండులో గింజలు తీస్తూ, చెల్లెలి పక్కన కూర్చుని ఊళ్లో కబుర్లు చెప్పేది. "ఆవిడ నన్ను బాగుచెయ్యాలని చూడలేదన్నయ్యా, నాతో కూర్చుంది" అని చాలా ఏళ్ల తరువాత చెల్లెలు నాతో అంది.

కూర్చోవడం ఒక్కటే చాలునా? చాలదు. దీనికి నాకు తెలిసిన మంచి సాక్ష్యం వేలూరులో ఉంది. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రి గురించి మన తెలుగువారికి చెప్పనక్కరలేదు. రాయలసీమ నుంచీ బెంగళూరు నుంచీ చేతిలో రిపోర్టుల సంచీతో కాట్పాడిలో దిగని కుటుంబం అరుదు. కొచ్చిన్ ప్రాంతంలో 1925లో పుట్టిన మేరీ వర్గీస్ అక్కడే చదివి డాక్టరయింది. 1954 జనవరిలో తోటి డాక్టర్లతో వెళుతున్న వ్యాను ప్రమాదానికి గురై, ఆమె వెన్నుపాము దెబ్బతింది. ముఖాన గాయం. నడుము కింద చలనం పోయింది. వయసు ముప్పై నిండలేదు.

ఆమె కాళ్లు తిరిగి రాలేదు. వచ్చింది ఇంకొకటి. కుష్ఠురోగుల వంకరపోయిన వేళ్లకు శస్త్రచికిత్స చేసే డాక్టర్ పాల్ బ్రాండ్, కూర్చుని కూడా ఈ పని చేయవచ్చని ఆమెను ప్రోత్సహించాడు. చక్రాల కుర్చీలో కూర్చునే ఆమె ఆ చేతుల్ని సరిచేసింది. తరువాత న్యూయార్కులో పునరావాస వైద్యంలో శిక్షణ పొంది, 1963లో వేలూరులో ఆ విభాగానికి అధిపతి అయింది. 1966లో వెన్నుపాము దెబ్బతిన్నవారికీ అలాంటి ఇతరులకూ పునరావాస సంస్థ ఆరంభమయింది. 1972లో పద్మశ్రీ వచ్చింది. 1986లో ఆమె కన్నుమూసింది.

ఈ కథను రెండు రకాలుగా చెప్పవచ్చు. ఇంత మేలు జరగడానికే దేవుడు ఆ వ్యాను ప్రమాదం తెచ్చాడు అనడం ఒకటి. వినడానికి బాగుంటుంది, లెక్క సరిపోతుంది. కాని అదే ప్రమాదం జరిగి, పేరు లేకుండా ఏ మూలగదిలోనో మంచం పట్టినవాళ్లకు ఈ లెక్క ఏం చెబుతుంది? రెండో రకం ఇది: ప్రమాదం ప్రమాదమే, అందులో మంచి ఏమీ లేదు. దాని తరువాత దేవుడు ఆమెను వదిలిపెట్టలేదు, మనుషులూ వదిలిపెట్టలేదు. విశ్వాసమంటే నాకు ఈ రెండో కథ. ఆమె ఆశకు ఒక స్నేహితుడి మాట కావాలి, చక్రాల కుర్చీ కావాలి, శిక్షణ కావాలి, ఒక సంస్థ అండ కావాలి. ఆశ ఆకాశంనుంచి ఊడిపడదు. చాలా చేతుల మీదుగా నడిచి వస్తుంది.

బాధ కూడా ఒక వరమే అని పాల్ బ్రాండ్ రాశాడు కదా అని కొందరంటారు. రాశాడు. కుష్ఠురోగి వేళ్లు పోయేది మాంసం దానంతటది కుళ్లి కాదు, స్పర్శ లేక కాలినా కోసుకున్నా తెలియకపోవడం వల్ల అని కనిపెట్టిన మనిషి ఆయన. నిప్పు మీద నుంచి చెయ్యి తీసేట్టు చేసే నొప్పి వరమే. కాని ఏ హెచ్చరికా చెయ్యకుండా మనిషిని ఏళ్ల తరబడి నలిపే బాధ వేరు. దాన్ని వరమని పక్కవాడు చెప్పకూడదు. బ్రాండ్ కూడా జీవితమంతా బాధను తగ్గించే పనిలోనే గడిపాడు.

మరి క్రైస్తవం తనదంటూ చెప్పేదేమిటి? నాకు కనిపించింది ఇది. యోహాను సువార్తలో మరణాన్ని జయించి లేచిన యేసు చేతుల్లో మేకుల గాయాలు అలాగే ఉన్నాయి. చెన్నై పరంగిమల సంప్రదాయం తనవాడిగా చెప్పుకునే తోమాకు ఆయన చూపించింది ఆ గాయాలనే. జయించిన శరీరం మచ్చలేనిదై ఉండాలని మనమనుకుంటాం. అలా కాలేదు. పుట్టుకతోనే వైకల్యంతో పెరిగిన అమెరికన్ వేదాంతి నాన్సీ ఐస్‌లాండ్ 1994లో 'ద డిసేబుల్డ్ గాడ్' అనే పుస్తకం రాసింది ఈ ఆలోచన మీదనే. గాయం లేకుండా పోవడమే స్వస్థత అయితే, ఆ లేచిన శరీరం కూడా స్వస్థత పొందనిదే అవుతుంది. ఇది బాధకు వివరణ కాదు. తోడు.

ఈ తోడు క్రైస్తవుల సొత్తేమీ కాదు. మన బెంగళూరులోనే పోలియో బాధితురాలైన ఎన్. ఎస్. హేమ 1959లో వికలాంగుల సంఘాన్ని నెలకొల్పింది. లింగరాజపురంలో అది నేటికీ పనిచేస్తున్నది. దయ చూపించమని కాదు, చదువూ పనీ ఇవ్వమని ఆమె అడిగింది.

అసలు ప్రమాదం, ఓదార్పు మాట న్యాయం స్థానంలో కూర్చోవడం. 2011 జనాభా లెక్కల్లో మన దేశంలో వికలాంగులు 2.68 కోట్లు. చూపులేని ఖాతాదారులకు చెక్కుబుక్కు, ఏటీఎం కార్డు, లాకరు నిరాకరించకూడదని రిజర్వు బ్యాంకు 2008లో స్పష్టంగా చెప్పవలసి వచ్చింది. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతం కేటాయించింది. అయినా ఎన్నో ప్రార్థనా మందిరాలకు మెట్లే ఉన్నాయి, ర్యాంపు లేదు. లోపల వికలాంగుల కోసం ప్రార్థిస్తాం, వాళ్లు లోపలికి వచ్చే దారి మాత్రం కట్టం. బాధంతా దైవచిత్తమే అయితే పోలియో చుక్కలు వేయడం దైవద్రోహం కావాలి. 2011 జనవరి తరువాత దేశంలో సహజ పోలియో కేసు రాలేదు. 2014 మార్చి 27న మన ప్రాంతం పోలియో రహితమని ధ్రువపత్రం వచ్చింది. ఆ ధ్రువపత్రం నాకు ప్రార్థనకు వచ్చిన జవాబులాగే కనిపిస్తుంది. మా చెల్లెలికి ఆలస్యమైంది, మనవళ్లకు అందింది.

పుస్తకాలు రాసేటప్పుడు అంకణా సరిపోకపోతే, తేడాను అనామతు ఖాతాలో వేస్తాం. అది ఓటమి కాదు. తప్పుడు పద్దు రాసి పుస్తకం మూసేయడం కంటే నిజాయితీ. బ్యాంకులో ఆ ఖాతాను త్వరగా తేల్చమంటారు. "ఎందుకు" అనే ఈ ప్రశ్న మాత్రం నా జీవితకాలంలో తేలేట్టు లేదు. తేలకపోయినా కౌంటరు మూయనక్కరలేదు. పుస్తకాల యజమాని మోసగాడు కాడన్న నమ్మకంతో రోజు పని రోజు చేయవచ్చు.

పాఠకులు ఏ మతం వారైనా నా మనవి ఒక్కటే. ఈసారి కాలులేని మనిషినో, చూపులేని మనిషినో చూసినప్పుడు ఏ పాపమో అని మనసులోనైనా అనుకోకండి. పేరేమిటని అడగండి, ఏం చేస్తుంటారని అడగండి. వీలైతే కాసేపు కూర్చోండి. దారిలో మెట్టు అడ్డముంటే, దాన్ని ఎవరు ఎప్పుడు తీయిస్తారో అది కూడా అడగండి.