తాటితోపులో ధర్మసందేహం

మద్యపానంలో దోషం ఎక్కడ ఉంటుందన్న ప్రశ్నకు భారతీయ ధర్మచింతన ఒక్క సమాధానంతో తృప్తి పడలేదు. దోషం ద్రవ్యంలోనే ఉందన్నవారున్నారు, తాగినవాడి మనసు అదుపు తప్పడంలో ఉందన్నవారున్నారు, తాగరాదన్న విధిని మీరడంలో మాత్రమే ఉందన్నవారూ ఉన్నారు. గ్రంథాల్లో ఈ వాదం ఎంత సూక్ష్మంగా నడిచినా, దాని బలాబలాలు తేలేది మద్యం పుట్టే చోట, దాన్ని రుచి చూడడానికి జనం వెతుక్కుంటూ వచ్చే చోట. ఐరోపా పల్లెల్లో అలాంటి చోటు తరతరాల నాటి ద్రాక్షతోటల నడుమ ఉండే వైనరీ, అంటే ద్రాక్షసారాయం తయారయ్యే శాల. దానికి అనుబంధంగా వచ్చినవారికి కొద్దికొద్దిగా పోసి రుచుల తేడా చెప్పే గది ఒకటి ఉంటుంది. నాసిక్ దగ్గర సులా వైనరీ 2005లో అలాంటి గది తెరిచాక మన దేశంలోనూ ఆ యాత్ర అలవాటైంది. నెల్లూరు తీరంలో ద్రాక్షతోటల స్థానం తాటితోపులది. కృష్ణపట్నం నుంచి మైపాడు, తుమ్మలపెంట మీదుగా ఉత్తరానికి సాగే ఇసుక నేలల్లో మద్యం పుట్టే శాలా, దాన్ని రుచి చూసే గదీ రెండూ ఆ తోపే.

తోపులో జరిగే పనిని దగ్గరగా చూస్తే వాదంలోని చిక్కు అక్కడే కనిపిస్తుంది. తాడిచెట్లలో పోతుతాడు, పెంటితాడు అని రెండు రకాలుంటాయి, రెండింటి గెలల నుంచీ కల్లు దిగుతుంది. గీత కార్మికుడు మోకు బిగించుకుని చెట్టెక్కి, గెల కొసను పదునైన కత్తితో పలచగా చెక్కి, దాని కింద ముంత కడతాడు; ఆ గాయం ఎండితే ఊట ఆగిపోతుంది కాబట్టి రోజూ చెట్టెక్కి కొస చెక్కుతూనే ఉండాలి. తెల్లవారి దించిన ముంతలో నురుగు మీద తేనెటీగలూ చీమలూ తేలుతుంటాయి, వాటిని వడగట్టి తాటాకు దొన్నెలోకి వంచి పోస్తారు. ఆ దొన్నెకు నిలబడే అడుగు ఉండదు, కింద పెడితే ఒలికిపోతుంది. అందువల్ల తాగేవాడు దాన్ని రెండు చేతులా పట్టుకునే ఉండాలి, ముగిసేదాకా వేరే పని పెట్టుకోకూడదు. వైనరీకి వచ్చిన రసజ్ఞుడు పుక్కిలించి ఉమ్మివేయడం కూడా విద్యగా నేర్చుకుంటాడు, తోపుకు వచ్చినవాడు ఆ విద్య ఎరుగడు. అయితే ఏ చెట్టు కల్లు తీపో, ఏది కాస్త వగరో చెట్టు చెట్టుకూ చెప్పగల పాతకాపులు ప్రతి తోపుకూ ఉంటారు, రుచి విషయంలో వారి తీర్పుకు తిరుగుండదు.

గెల నుంచి జారిన రసంలో నూటికి పది పాళ్ళకు పైగా చక్కెర ఉంటుంది. గాలిలోనూ ముంత గోడలకూ ఉండే ఈస్టు, అంటే చక్కెరను సారంగా మార్చే సూక్ష్మజీవి, చుక్క పడిన క్షణం నుంచే పని మొదలుపెడుతుంది; కొద్ది గంటల్లో సారం నూటికి నాలుగైదు పాళ్ళకు చేరుతుంది, ఇంకా ఉంచితే పులిసి కాడిగా మారిపోతుంది. ముంత లోపల సున్నం పూస్తే ఈ పులియడం ఆగుతుంది. అప్పుడు దిగేది నీరా, అంటే మత్తులేని తీపి రసం. దాన్ని కాచితే తాటిబెల్లం అవుతుంది. ఒకే చెట్టు, ఒకే గెల, ఒకే మనిషి; సున్నపు పూత ఒక్కటే తేడా. పెన్నా ఒడ్డున పల్లెపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న ప్రారంభించిన గాంధీ మద్యనిషేధాన్ని ఎంత గట్టిగా కోరాడో, నీరాను, తాటిబెల్లాన్ని అంత గట్టిగానూ సమర్థించాడు, ఎందుకంటే ఆయన దృష్టిలో చెట్టుకు ఏ పాపమూ అంటలేదు. కానీ ఇక్కడే ధర్మశాస్త్రవేత్తకు ఒక ఇబ్బంది వస్తుంది. పొద్దున ఆరింటికి పానీయంగా ఉన్నది పదింటికి మద్యమైతే, అది పాపంగా మారిన ఘడియ ఏది? ద్రవ్యంలోనే దోషం ఉందనేవారు ఆ ఘడియను చూపలేరు.

ధర్మశాస్త్రం ఈ ఇబ్బందిని జాబితాలతో దాటాలని చూసింది. మనుస్మృతి సురను మూడు రకాలుగా విభజించింది: బెల్లంతో చేసేది గౌడి, పిండితో చేసేది పైష్టి, విప్పపువ్వువంటి తీపి పదార్థాలతో చేసేది మాధ్వి. తరవాతి నిబంధనకారులు సురకూ మద్యానికీ తేడా చెబుతూ మద్యాల పట్టిక పెద్దది చేశారు. పులస్త్యుడి పేర చెలామణిలో ఉన్న అలాంటి పట్టికలో ద్రాక్ష, ఖర్జూరం, తాడి ఒకే వరసలో కనిపిస్తాయి. అంటే ఇప్పటి వైనరీ అతిథికీ తోపు అతిథికీ ఉన్న హోదా భేదాన్ని స్మృతికారుడు గుర్తించలేదు. అతడు గుర్తించిన భేదం వేరు, తాగినవాడి వర్ణాన్ని బట్టి ఏది ఎంత పాతకమో లెక్క కట్టాడు. ఒకే ద్రవ్యం ఒకరికి మహాపాతకమూ మరొకరికి దోషరహితమూ అయినప్పుడు దోషం ద్రవ్యంలో ఉందన్న మాటను శాస్త్రమే వదులుకున్నట్టు లెక్క.

బౌద్ధులు ఈ ప్రశ్నను మరింత నిజాయితీగా ఎదుర్కొన్నారు. పంచశీలాల్లో చివరిదైన మద్యవిరతికి వారు చెప్పిన కారణం ప్రమాదం. ఇప్పటి వాడుకలోని ఆపద అన్న అర్థం దీనికి లేదు, ఏమరుపాటు, ఎరుక తప్పడం అన్నది దాని భావం. వసుబంధుడు అభిధర్మకోశంలో ఒక పాత వివాదాన్ని నమోదు చేశాడు. కొన్ని పనులు ప్రకృతి సావద్యాలు, అంటే ఎవరూ నిషేధించకపోయినా స్వభావం చేతనే దోషమైనవి. కొన్ని ప్రజ్ఞప్తి సావద్యాలు, అంటే నియమం ఉన్నందువల్ల మాత్రమే దోషమైనవి. హత్య మొదటి రకం అన్నదానిలో సందేహం లేదు, మద్యపానం ఏ రకం? వినయధరులు, అంటే భిక్షు నియమాల పండితులు, దాన్ని మొదటి రకంలో వేశారు. ఆభిధార్మికులు ఒప్పుకోలేదు, రోగి మందుగా మత్తెక్కని మోతాదులో పుచ్చుకుంటే మనసు కలుషితం కాదు కాబట్టి అది రెండో రకమే అన్నారు. మోతాదు తెలిసి పుచ్చుకునేవాడికి కలుషితమైన మనసు ఉండదన్న ఈ వాదం, గుక్కెడు రుచి చూసి ఉమ్మివేసే వైనరీ అతిథికి అచ్చంగా సరిపోతుంది. తోపులో పొద్దుగూకేదాకా కూచున్నవాడికి మాత్రం అది పనికిరాదు.

క్రైస్తవంలో ఈ ప్రశ్న తలకిందులుగా వచ్చింది, ఎందుకంటే అక్కడ ద్రాక్షసారాయం ఆరాధనలో భాగం. కథోలిక సంఘం బలిపూజకు పులిసిన అసలైన ద్రాక్షసారాయమే వాడాలంటుంది. 1840లో నెల్లూరు చేరి తెలుగు మిషన్‌కు పునాది వేసిన అమెరికన్ బాప్టిస్టుల సంప్రదాయం మద్యవిరతి వైపు మొగ్గింది. ఆ మొగ్గుకు సాధనం దొరికింది 1869లో. థామస్ వెల్చ్ అనే అమెరికా దంతవైద్యుడు ప్రభు భోజనం కోసమే ద్రాక్షరసాన్ని వేడిచేసి పులియకుండా నిలవచేసే పద్ధతి కనిపెట్టాడు. తాటిముంతలో సున్నం చేసే పనినే అతడు మంటతో చేశాడు. 

గ్రామదేవతల కొలుపుల్లో ఈ తర్కమంతా అక్కరలేదు. కల్లు సాక పోయడం, అంటే అమ్మవారి ముందు నేలమీద ధారగా వదలడం, అక్కడ మామూలు ఉపచారం. దేవతకు ఇచ్చాకే మనిషి తాగుతాడు, ఆ తాగడానికి ఒక రోజు, ఒక వేళ ఉంటాయి. శాస్త్రం జాబితాలతో పెట్టబోయిన హద్దును కొలుపు తిథితో పెట్టింది.

హద్దులు పెట్టడం ఎంత కష్టమో నెల్లూరులో కూర్చుని చెప్పినవాడు తిక్కన. పదమూడో శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో ఉండి ఆయన తెలుగు చేసిన పర్వాల్లో మౌసలపర్వం ఒకటి. మునుల శాపం విన్న యాదవ పెద్దలు ద్వారకలో మద్యం కాయడాన్నే నిషేధించి, మీరినవారికి కొరత శిక్ష చాటిస్తారు. ఆ తరవాత అందరూ తీర్థయాత్రగా సముద్రతీరాన ఉన్న ప్రభాసానికి వెళ్ళి, అక్కడ యథేచ్ఛగా తాగి, మాటా మాటా పెరిగి తుంగతో కొట్టుకుని చస్తారు. శాసనం ఊళ్ళో ఉండిపోయింది, యాత్రికులు ఊరు దాటారు. యాత్రలో ఉన్నవాడు తన నిత్యనియమాల నుంచి తనకు తానే సెలవు ఇచ్చుకుంటాడన్న సంగతి మహాభారతానికి బాగా తెలుసు. నేటి వైనరీ యాత్రల ఆకర్షణ కూడా చాలావరకు ఆ సెలవులోనే ఉంది.

అయితే భారతంలోనే, నన్నయ తెలుగు చేసిన ఆదిపర్వంలో, సురాపానం ఎందుకు నిషిద్ధమైందో చెప్పే కచుడి కథ ఉంది, దానిలోని ముఖ్యమైన సంగతి మీద వ్యాఖ్యాతల చూపు అంతగా నిలవలేదు. రాక్షసులు కచుణ్ణి చంపి, కాల్చి, బూడిదను సురలో కలిపి శుక్రాచార్యుడికి తాగిస్తారు. కచుడు రాలేదని కూతురు దేవయాని ఏడ్చి పట్టుబట్టేదాకా తాను ఏం తాగాడో గురువుకు తెలియదు. తెలిశాక ఆయన సురాపానాన్ని బ్రాహ్మణులకు మహాపాతకంగా శాసించాడు. శాస్త్రాలకు ఎక్కింది ఆ శాసనం మాత్రమే, శుచి కలవాడు శుచి పోగొట్టుకోకూడదన్నది. కథ చెప్పింది మరొకటి: తాగినవాడి కడుపులో ఇంకొకరి ప్రాణం ఉంది, ఆ సంగతి బయటపెట్టింది తాగని ఒక స్త్రీ.

ఈ కథకు నెల్లూరు జిల్లాలో కొనసాగింపు 1992లో వచ్చింది. 1980ల్లో రాష్ట్ర ప్రభుత్వం సారాను, అంటే బట్టీలో కాచి దించిన ఘాటు మద్యాన్ని, ప్లాస్టిక్ పొట్లాల్లో నింపి ఊరూరా సరఫరా చేసే పథకం పెట్టి దానికి వారుణివాహిని అని నామకరణం చేసింది. పాలకడలిని చిలికినప్పుడు పుట్టిన మద్యదేవత వారుణి. ఆమెను దేవతలు స్వీకరించారని రామాయణ బాలకాండ అంటే, అసురులు స్వీకరించారని భాగవతం అంటుంది. ఆ పేరు పెట్టిన అధికారి ఏ గ్రంథాన్ని నమ్మాడో గాని, పొట్లం చేసిన పని మాత్రం స్పష్టం. చెట్టు కింద, ఆ పూట మాత్రమే దొరికే పానీయానికి ఉన్న చోటూ వేళా రెండూ పోయాయి. మద్యం దగ్గరికి మనిషి వెళ్ళడం ఆగి, మనిషి గుమ్మం దగ్గరికి మద్యం రావడం మొదలైంది. కూలి డబ్బు ఇల్లు చేరకముందే ఖర్చయ్యేది. కలిగిరి మండలం దూబగుంటలో అక్షరాస్యతా ఉద్యమం రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్ళు, సీతమ్మ కథ వంటి పాఠాలు చదువుకుంటూ తమ కష్టాన్నే పాఠంగా మాట్లాడుకుని, సారా దుకాణం మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు ఆ ఉద్యమానికి గుర్తుగా నిలిచింది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలిపోయినా సారా నిషేధం నిలిచింది.

ధర్మచింతనకు ఆ స్త్రీలు చేర్చిన కొత్తదనం ఏమిటో సరిగా గుర్తించాలి. మనువు తాగినవాడి శుచిని లెక్కించాడు, బౌద్ధుడు తాగినవాడి ఎరుకను లెక్కించాడు, క్రైస్తవ వేదాంతి పాత్రలో ఉన్నదాని అర్హతను లెక్కించాడు, వైనరీ రసజ్ఞుడు తన నాలుకను లెక్కిస్తాడు. వీరందరికీ ప్రశ్న పాత్రకూ పెదవికీ మధ్యనే ముగుస్తుంది. దూబగుంట ఆడవాళ్ళ లెక్క పాత్ర ముట్టనివారి నుంచి మొదలైంది. ఈ లెక్క ప్రకారం ఏకాంతంలో మితంగా తాగిన ఒక్క గుక్క దోషం కాకపోవచ్చు, పండగనాటి సాక అసలే కాదు, ఇంట్లో పొయ్యి వెలగనివ్వని పొట్లం మాత్రం ఏ జాబితాలో లేకపోయినా పాతకమే. దోషం ద్రవ్యంలో ఉందా మనసులో ఉందా అన్న పాత వివాదం కంటే ఇది గట్టి కొలమానం, ఎందుకంటే దీనికి సాక్షులున్నారు.

దీన్ని ఆధారంగా చేసుకుని కల్లును నిర్దోషిగా ప్రకటించడం తొందరపాటు. సారా జీపు కంటే ముందు ఊళ్ళోకి వచ్చిన కల్లు బండిని కూడా దూబగుంట ఆడవాళ్ళు వెనక్కి పంపారని ఆ ఉద్యమ కథనాలు చెబుతాయి. బండెక్కి వచ్చిన కల్లు తోపు కట్టుబాటును అప్పటికే వదిలేసింది. తోపులో తాగి ఇంటికి వెళ్ళి చెయ్యి చేసుకున్నవారు లేరనడమూ అమాయకత్వమే.

ఇక పాత్ర ముట్టనివారిని లెక్కించే ధర్మం చెట్టు మీది మనిషినీ లెక్కించాలి. మోకు జారితే నడుము విరిగే ఎత్తులో రోజూ చెట్టు చెట్టుకూ ఎక్కి దిగే గీత కార్మికుడి కుటుంబానికి ఆ ముంతే తిండి. సున్నం పూసి నీరా దించమని సలహా ఇవ్వడం సులభం. కానీ నీరా చల్లదనం తప్పితే గంటల్లో చెడుతుంది, నగరానికి చేర్చే ఏర్పాటు లేని తీరపు ఊళ్ళో దానికి కొనేవాడు దొరకడు, తాటిబెల్లం కాచడానికి కట్టెలూ ఇంటిల్లిపాది శ్రమా కావాలి. తాగేవాడి ఇల్లాలికి దూబగుంట న్యాయం చెప్పింది. గీసేవాడి ఇల్లాలి విషయంలో ఆ న్యాయం ఎలా ఉండాలో శాస్త్రకారులు గాని, ఉద్యమకారులు గాని, నిషేధ చట్టాలు రాసినవారు గాని ఇంకా చెప్పవలసే ఉంది.