పేజీ తీసి చూడు

నాన్నా,

వైమానిక దళంలో ఇరవై ఏళ్ళ సర్వీసు ముగించుకుని వచ్చే నెల ఇంటికొస్తున్నావని మీ పిన్నికి ఒకటే సంబరం. ఏ బ్యాంకులోనో గార్డు ఉద్యోగం చూసుకుంటానన్నావట. అదీ గౌరవమైన పనే. కానీ ఏఎన్-32 విమానాల ఇంజన్ల దగ్గర ఇన్నేళ్ళు అరిగిన చేతుల్ని ఊరికే ఉంచకురా.

నేనూ ఆ దారిన వచ్చినవాణ్ణే. బయట మన ర్యాంకు చెల్లదు, పౌర విమానాల మరమ్మతుకి డీజీసీఏ లైసెన్సు కావాలి. నీ పనికి బి1 రకం. దాని పరీక్షలో ఒక్కో మాడ్యూల్‌లో నూటికి 75 రావాలి. ఇరవై ఏళ్ళ పిల్లల పక్కన కూర్చుని రాయాల్సొస్తుంది, సిగ్గుపడకు. ముందు పదో మాడ్యూల్ పట్టుకో, చట్టాల పేపరు. ఇంజన్ నీ చేతికి తెలుసు, ఆ నిబంధనలు మాత్రం నీకు కొత్త.

మనుషులు చేసే పొరపాట్ల గురించి తొమ్మిదో మాడ్యూల్ ఉంది. తేలిగ్గా చూడకు. 1990లో ఇంగ్లండులో రాత్రి డ్యూటీలో ఒక విమానానికి ముందు అద్దం మార్చారు. పాత బోల్టు పక్కన పెట్టి, కంటితో పోల్చి కొత్తవి తెచ్చారు. 90 బోల్టుల్లో 84 పిసరు సన్నవి. గాల్లో అద్దం ఊడిపోయింది, కెప్టెన్ నడుం దాకా బయటికి వెళ్ళిపోయాడు. ప్రాణాలతో బయటపడ్డాడు, దేవుడి దయ. ఆ బోల్టులు బిగించింది కొత్తవాడు కాదు, చెయ్యి తిరిగినవాడు.

నాకూ అయింది. హాంగర్లో చేరిన కొత్తలో చక్రం మారుస్తూ టార్క్ అంకె, అంటే ఎంత గట్టిగా బిగించాలో, నోటికి చెప్పేశాను. పక్కనున్న అమ్మాయి, మన చిన్నదాని ఈడుది, "పేజీ చూపించండి సార్" అంది. చెవులు వేడెక్కాయి. మాన్యువల్ తెరిస్తే నేను చెప్పిన అంకె సర్వీసులో నేను చూసిన పాత విమానానిది! ఆ పిల్లకి ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

వైమానిక దళంలో షిఫ్టు చివర ఒక్క స్పానర్ లెక్క తేలకపోయినా విమానాన్ని కదలనిచ్చేవాళ్ళు కాదు కదా, ఆ అలవాటు వదలకు. రిలీజ్ కాగితం మీద నీ సంతకం, నీ లైసెన్సు నంబరు ఉంటాయి. తొందరపెట్టేవాళ్ళుంటారు. నీకు తృప్తి కలిగేదాకా పెన్ను తియ్యకు.

లైసెన్సుకి అనుభవం చూపించాలి, అందుకని ఏ విమానం మీద, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ పని చేశావో యూనిట్లో ఉండగానే రాయించుకో. బయటికొచ్చాక తిరగడం కష్టం. సివిల్ విమానాల మీద కూడా కొన్నాళ్ళు పనిచేసి చూపించాలి. శంషాబాద్‌లో హాంగర్లున్నాయి, వెళ్ళి అడుగుదాం. మన మేడమీద గది ఖాళీ చేయించాను. పరీక్షలయ్యేదాకా అక్కడే ఉండి చదువుకో.

మీ బాబాయి