ఇచ్చిన తాళం, ఇవ్వని తాళం

నంబరు లాకు పెట్టిన ఫోనునో పెట్టెనో తెరపై చూపించి, చిన్న ఆనవాళ్లతో దాన్ని తెరవమనే వీడియో గేమ్‌లు చాలా ఉన్నాయి. ఆడేవాడు ఒక అంకె మారుస్తాడు. తప్పితే ఎంతవరకు సరిపోయిందో ఆటే చెబుతుంది, మళ్లీ ప్రయత్నిస్తాడు. ఒకరు దాచిన రంగుల వరుసను మరొకరు ఊహించే 1970ల నాటి మాస్టర్‌మైండ్ ఆటలో ఈ తర్కం అప్పటికే ఉంది. ఆరు రంగులు, నాలుగు గుంతలు, మొత్తం 1,296 అమరికలు. దాచిన అమరిక ఏదైనా అయిదు ఎత్తుల్లోపే దొరికే పద్ధతిని 1977లో కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ క్నూత్ చూపించాడు. వెయ్యికి మించిన దారుల్లో సరైనదాన్ని అయిదు అడుగుల్లో పట్టుకున్నప్పుడు కలిగే ఆనందం చిన్నదేమీ కాదు. అయితే ఆ ఆనందం తాళం పగలగొట్టిన ఆనందం కూడా. అందులో దోషం ఉందా అన్నదే ప్రశ్న.

దొంగతనం చేయకపోవడాన్ని, అంటే అస్తేయాన్ని, యోగసూత్రాలలో పతంజలి అయిదు యమాలలో, అంటే నిగ్రహాలలో, ఒకటిగా చెప్పాడు. జైనుల అయిదు వ్రతాలలోనూ అది ఉంది. జైన గ్రంథమైన తత్త్వార్థసూత్రం దొంగతనాన్ని రెండే మాటల్లో నిర్వచిస్తుంది: ఇవ్వనిదాన్ని తీసుకోవడం. వస్తువు విలువ, తాళం బలం, తెరిచినవాడి నేర్పు ఆ నిర్వచనంలోకి రావు. ఈ కొలతతో చూస్తే ఆటలోని తాళం ముందే ఇచ్చేసినది. దాన్ని తయారుచేసినవాడే జవాబును లోపల పెట్టి, వెతుక్కోమని ఆటగాడి చేతికి అందించాడు. పొడుపు కథను విప్పడమూ అలాంటిదే.  వేసినవాడు ఎదుటివాడు విప్పాలనే వేస్తాడు, విప్పితే సంతోషిస్తాడు.

దీనిమీద ఒక గట్టి ఆక్షేపణ ఉంది. తాళం తెరిచే అలవాటు మనసులో సంస్కారంగా నిలిచిపోదా? శూద్రకుడి సంస్కృత నాటకం మృచ్ఛకటికంలోని దొంగ శర్విలకుడు ఈ సందేహానికి నిలువెత్తు ఉదాహరణ. చారుదత్తుడి ఇంటికి కన్నం వేస్తూ, ఆ కన్నం ఏ ఆకారంలో ఉంటే అందంగా ఉంటుందో ఆలోచిస్తాడు. కొలతాడు లేకపోతే జంధ్యంతోనే కొలుస్తాడు. అతనికి దొంగతనం ఒక శాస్త్రం. నేర్పు మీది మోహం వివేకాన్ని ఎంతగా కప్పేయగలదో శూద్రకుడు అక్కడ చూపించాడు. అయినా శర్విలకుడి తప్పు కన్నం ఆకారంలో లేదు, అతడు దొంగిలించిన నగలు పరాయివి కావడంలో ఉంది. ప్రియురాలు మదనిక చెప్పగా అతడు వాటిని అసలు యజమానురాలైన వసంతసేనకు చేర్చినప్పుడు నేర్పు అలాగే ఉంది, దారి మాత్రం మారింది. కాబట్టి ఆక్షేపణ సగమే నిలుస్తుంది. నేర్పు నిర్దోషమే. ఇచ్చినదీ ఇవ్వనిదీ ఒకేలా కనిపించడం మొదలైతే అది ప్రమాదం.

ఈ తేడాను కర్ణాటకలోని బీదర్ జిల్లా ఎప్పుడో విన్నది. ఆ జిల్లాలోని బసవకల్యాణంలో 12వ శతాబ్దంలో వచనాలు చెప్పిన శివశరణుడు బసవన్న ఉన్నాడు. అందరికీ తెలిసిన ఆయన వచనం దొంగతనం వద్దనే మాటతోనే మొదలై, అదే అంతరంగ శుద్ధి, బహిరంగ శుద్ధి అని చెబుతుంది. చేతికీ మనసుకీ వేర్వేరు నియమాలు లేవని దాని అర్థం. దొంగలు తన ఆవులను తోలుకుపోతే దూడలను కూడా వెంట పంపించాడని ఆయన గురించి ఒక కథ చెబుతారు. ఇచ్చేయడంతో దొంగతనమే దానంగా మారింది. కానీ ఆ మార్పు తేగలిగింది ఆవుల యజమాని ఒక్కడే; దొంగకు ఆ శక్తి లేదు. ఈ కథలోని లోతు అక్కడే ఉంది. ఆయన తోటి శరణుడైన అల్లమప్రభువు బెడగిన వచనాలు, అంటే గూఢార్థపు వచనాలు, తాళం వేసిన మాటలు. విన్నవాడు తన అనుభవంతో తెరుచుకోవడానికే అల్లమప్రభువు వాటిని అలా వదిలాడు.

నిజమైన ఫోను సంగతి వేరు. నాలుగంకెల లాకుకు 10,000 అమరికలే ఉన్నా, కొన్ని తప్పు ప్రయత్నాల తరువాత ఫోను ఆగమంటుంది. ఆట తప్పును ఆనవాలుగా మార్చి ఇస్తుంది. ఫోను తప్పును నిరాకరణగా తిప్పికొడుతుంది. అది యంత్రం నోట వచ్చిన యజమాని మాట. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది.  2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 43వ సెక్షన్ కూడా తాళం ఎంత సులువుగా తెరుచుకుందని అడగదు, యజమాని అనుమతి ఉందా అని అడుగుతుంది.