పని ముగిసినదనుట ఎప్పుడు?

ఒక పని యెప్పుడు ముగిసినట్లు? చేయి ఆగినప్పుడా, లేక చేసినది నిలిచినదని తెలిసినప్పుడా? ఈ ప్రశ్న శాస్త్రగ్రంథములకే పరిమితమైనది కాదు. రహదారి ప్రక్కనున్న మరమ్మతు షెడ్డులో ప్రతిదినమును ఇది యెదురగుచున్నది. కావున అచటి ఉదాహరణమునే గ్రహింతము.

మోటారు వాహనపు ఇంజను నడచునపుడు పుట్టు వేడిని తొలగించుటకు దానిలో నీరుగాని కూలెంటుగాని నిరంతరము తిరుగుచుండవలెను. దానిని త్రిప్పు సాధనమే వాటర్ పంపు. 2014వ సంవత్సరమున తయారీ నిలిచిపోయిన అంబాసిడరు కారునందు ఈ పంపు ఇంజను ముందుభాగమున నుండును. ఫ్యాను కూడ దాని ఇరుసునకే బిగింపబడి యుండును. ఒక బెల్టు రెంటిని త్రిప్పును. ఇరుసును మోయు బేరింగు అరిగినను, నీటిని ఆపు సీలు చెడినను, పంపు క్రిందనున్న సన్నని రంధ్రము గుండ నీరు కారును. నీరు తగ్గి ఇంజను మితిమీరి వేడెక్కినచో సిలిండరు హెడ్డు వంగుటయు, దాని క్రింది గాస్కెట్టు చెడుటయు సంభవించును. అల్పమైన లోపము ఇంజనునకే చేటు తెచ్చును.

పంపు మార్చువాడు ఇంజను చల్లారిన పిమ్మట నీటిని దింపి, బెల్టు తీసి, పాత పంపును విప్పును. అంటుకొనియున్న గాస్కెట్టు ముక్కలను గీకి శుభ్రపరచి, క్రొత్త గాస్కెట్టుతో క్రొత్త పంపును అమర్చి, బోల్టులను కొద్దికొద్దిగా సమముగా బిగించును. బెల్టు వేసి నీరు పోసిన తోడనే “సిద్ధమైనది, కొనిపోవచ్చును” అనువారు కలరు. ధర్మసూక్ష్మ మిచటనే యున్నది.

ఆ మాట సత్యమేనా? వాహనము నిజముగనే బాగుపడి యుండవచ్చును. ఐనను ఆ సంగతి చెప్పినవానికి తెలియదు. తెలియనిదానిని తెలిసినట్లు చెప్పుట, అదృష్టవశమున నిజమైనను, సత్యవచనము కానేరదు. ఆ మాటను నమ్మి భార్యాబిడ్డలతో ఘాటు రోడ్డెక్కువాడు తన క్షేమమును దానిపై నుంచుచున్నాడు గదా!

ఆ మాట పలుకు అర్హత పరీక్షవలననే కలుగును. ఇంజనును నడిపి, లోన చిక్కిన గాలిని వెడలనిచ్చి, తగ్గిన నీటిని నింపవలెను. థర్మోస్టాటు సుమారు 80, 90 డిగ్రీల నడుమ తెరచుకొనును. అటుపిమ్మటగాని నీరు రేడియేటరు గుండ సరిగా ప్రవహింపదు. అప్పుడు పై గొట్టము వేడెక్కినదా, అతుకులయందు తడి యున్నదా, బేరింగు శబ్దము చేయుచున్నదా, వేడిని చూపు ముల్లు నిలకడగా నున్నదా అని చూడవలెను. పిదప ఇంజను పూర్తిగా చల్లారిన మీదట మూత తీసి నీటిమట్టమును మరల చూడవలెను. వేడిలో మూత తీయరాదు. ఒత్తిడిచే మరుగక నిలిచిన నీరు ఒక్కుమ్మడి ఎగజిమ్మి దేహమును కాల్చును.

“ఇట్లు పరీక్షించుట పనివానియందు అపనమ్మకము కాదా?” అని కొందరందురు. కాదు. అపనమ్మకము మనుష్యుని గూర్చినది. పరీక్ష వస్తువును గూర్చినది. నేర్పరి చేతిలోను లోపమున్న సీలు పడవచ్చును. మరి పరీక్షకు అంతమెక్కడ? దోషము బయటపడుటకు తగిన అవకాశ మిచ్చువరకే. చల్లని ఇంజనులో దాగిన కారుడు వేడిలో కనబడును. వేడిలో గుర్తింపని కొరత చల్లారిన పిదప తెలియును. రెండు స్థితులను చూచినవాడు తన విధిని నెరవేర్చినవాడే. పిమ్మట కలుగు చేటునకు అతనిని నిందింపరాదు.

ఇంకొక విచారము కలదు. బెల్టు మితిమీరి బిగియుటవలన బేరింగు అరిగియుండినచో, క్రొత్త పంపునకును అదే గతి పట్టును. కార్యమును సవరించి కారణమును విడుచుట సగము పనియే.

వాహన యజమానికిని ఇందు బాధ్యత కలదు. “త్వరగా కానిమ్ము” అని తొందరపెట్టి, బిగించినదానికే కూలి యిచ్చి, కనిపెట్టియుండిన గంటకు ఏమియు నీయనివాడు పరీక్ష జరుగలేదని నిందించుట న్యాయము కాదు. కాయకమును పూజ్యముగా నెంచు గృహములవారు చేతి శ్రమతోపాటు ఈ జాగరూకతకును విలువ కట్టవలెను.

నడవడియందును ఇట్లే. కోపమును విడిచితినని ఏకాంతమున తలచినవాడు ఇంకను చల్లని ఇంజనువంటివాడు. ఎదుటివాడు పరుషముగా పలికిననాడు ఆ నిశ్చయము వేడికి గురియగును. నాడు చలింపక, మరునాడు మనస్సులో కక్ష మిగులలేదని చూచుకొన్నవాడే “విడిచితిని” అనదగును. అంతవరకు “విడుచుటకు యత్నించుచున్నాను” అనుటయే సత్యమునకు దగ్గరి మాట.