మంచి మనసు ఒక్కటే సరిపోతుందా? సంజీవని ఘట్టం నేర్పే ప్రథమ చికిత్స

సంజీవని ఘట్టం మీద చేసిన వీడియో చూసి ఒక అమ్మగారు ప్రశ్న పంపించారు. రెండు ముక్కల్లో తేల్చేసే ప్రశ్న కాదది. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

ఆవిడ అడిగింది ఇదీ: "మా పక్కింటి అబ్బాయికి ఫిట్స్ వచ్చాయండీ. చుట్టూ చేరినవాళ్ళు చేతిలో తాళాలగుత్తి పెట్టారు. నాలుక కొరుక్కుంటాడేమోనని ఒకాయన నోట్లో చెంచా దూర్చాడు. పన్ను విరిగింది. ఆయన మంచి మనసుతోనే చేశాడు కదా. ఆయనకు పాపం అంటుతుందా?"

చాలామంది "ఉద్దేశం మంచిదైతే పాపం లేదు" అని చెప్పేస్తారు. అందులో సగం నేనూ ఒప్పుకుంటాను. ఆయన చూసి తప్పుకుపోలేదు, పరుగెత్తుకొచ్చాడు. ఆ పరుగులో పుణ్యమే ఉంది. కానీ మిగతా సగం గురించి రామాయణం ఏం చెబుతోందో చూద్దాం.

రావణుడి శక్తి తగిలి లక్ష్మణస్వామి నేలకొరిగాడు. రాముడు కుమిలిపోతున్నాడు. చుట్టూ ఉన్న వానరవీరుల్లో ప్రేమకు తక్కువైనవాడు ఒక్కడూ లేడు. అయినా ఎవరూ తోచిన ఆకు పిండలేదు, తోచిన పసరు పోయలేదు. సుషేణుడు ముందుకొచ్చి, ముందుగా చూశాడు. ముఖంలో కళ తప్పలేదు, ఊపిరి ఉంది, గుండె కొట్టుకుంటోంది అని రాముడికి చెప్పాడు. ఆ తర్వాతే మందు మాట ఎత్తాడు. విశల్యకరణి, సావర్ణ్యకరణి, సంజీవకరణి, సంధానకరణి అని నాలుగు మూలికలు కావాలన్నాడు. గుచ్చుకున్నది తీయడానికి ఒకటి, విరిగింది అతకడానికి ఒకటి. ఏ దెబ్బకి ఆ మందు అన్నమాట.

హనుమంతుడు కొండ మీదికి వెళ్ళాడు. మూలికలు గుర్తుపట్టలేకపోయాడు. ఇక్కడే మనకు పాఠం ఉంది. ఇదే అయ్యుంటుందిలే అని ఏదో ఒకటి పీక్కుని రాలేదు. నాకు తెలియదని ఊరికే కూర్చోలేదు. ఆలస్యమైతే ప్రమాదమని శిఖరాన్నే పెకలించి, తెలిసినవాడి ముందు పెట్టాడు. తెలియనప్పుడు ఊహించకపోవడం, తెలియకపోయినా ఆగిపోకపోవడం, ఈ రెండూ కలిసినప్పుడే అది సేవ.

ఇప్పుడు ఆ పక్కింటి అబ్బాయి దగ్గరికి వద్దాం. ఫిట్స్ మామూలుగా రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. ఆ సమయానికి చేతిలో తాళాలు ఉన్నాయి కాబట్టి పేరు తాళాలకొచ్చింది. నిజానికి చేయాల్సింది చాలా తక్కువ. దగ్గర్లో తగిలే వస్తువులు తీసేయాలి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టాలి, కాళ్ళూ చేతులూ అదిమి పట్టకూడదు, నోట్లో ఏదీ పెట్టకూడదు. కుదుపులు తగ్గగానే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. గడియారం చూడాలి, 5 నిమిషాలు దాటితే 108 కి ఫోన్ చేయాలి. పూర్తిగా తెలివి వచ్చేదాకా నీళ్ళు కూడా పట్టకూడదు.

పాము కాటు సంగతీ ఇంతే. పాముల్లో చాలా రకాలకు విషం ఉండదు. విషమున్న పాము కూడా కరిచిన ప్రతిసారీ విషం వదలదు. అలాంటి కాటుకు మంత్రం వేస్తే మనిషి లేచి కూర్చుంటాడు, మంత్రం వేసినవాడికి పేరొస్తుంది. నిజంగా కట్లపాము కాటేస్తే మాత్రం నొప్పి కూడా పెద్దగా తెలియకపోవచ్చు, కానీ విషం లోపల పని చేస్తూనే ఉంటుంది. నాగులచవితికి పుట్టలో పాలు పోసే భక్తి మనది. ఆ భక్తికి ఏ లోటూ రాదు. కరిచినచోట కోయకుండా, నోటితో పీల్చకుండా, బిగించి తాడు కట్టకుండా, ఉంగరాలూ గాజులూ తీసేసి, మనిషిని కదలనివ్వకుండా, యాంటీ వెనమ్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళండి. దారి పొడుగునా నామస్మరణ చేసుకోండి. నామం ఎక్కడా ఆలస్యం చేయమనదు.

దీపారాధన దగ్గర చేయి కాలితే మన ఇళ్ళల్లో కాఫీ పొడి, పసుపు, టూత్‌పేస్ట్, వెన్న, ఏది చేతికందితే అది పూసేస్తాం. పెద్దవాళ్ళు ప్రేమతో చెప్పినవే, కాదనను. కానీ అవి వేడిని లోపలే ఉంచేస్తాయి, పుండులో మురికి చేరుస్తాయి, డాక్టరుకి గాయం కనపడనివ్వవు. కాలినచోట కుళాయి కింద ధారగా పడే చల్లటి నీళ్ళు 20 నిమిషాలు పోయాలి. ఐసు వద్దు. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేయాలి. బొబ్బలు చిదపకూడదు. 20 నిమిషాలంటే ఎంతసేపో విష్ణు సహస్రనామం పారాయణ చేసేవాళ్ళకి తెలుసు, ఇంచుమించు అంతసేపు. చీరకు నిప్పంటుకుంటే పరుగెత్తకూడదు, గాలికి మంట ఇంకా పెరుగుతుంది. అక్కడే నేల మీద పడి దొర్లాలి.

మీలో ఒకరికి సందేహం రావచ్చు. "ఇలా భయపెడితే ఇక ఎవరూ ముందుకు రారు కదా? ఏమీ చేయకుండా ఉంటేనే నయం అనుకుంటారేమో!" సరైన సందేహమే. చేయకూడనివి చెప్పినంత గట్టిగా చేయాల్సింది కూడా చెప్పాలి. మనిషి పిలిస్తే పలకడం లేదు, ఊపిరి మామూలుగా ఆడటం లేదు అనుకోండి. అక్కడ ఊరుకుంటే ప్రాణం పోతుంది. ఎవరినైనా 108 కి ఫోన్ చేయమని, ఛాతీ మధ్యలో అరచేయి ఆనించి, దాని మీద రెండో చేయి వేసి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, సుమారు 5 సెంటీమీటర్లు దిగేలా నొక్కాలి. ప్రతిసారీ ఛాతీని పైకి లేవనివ్వాలి. కొంచెం అటూ ఇటూ అయినా ఫరవాలేదు, చేయకపోవడం కంటే చేయడమే మేలు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టుకోవాలి, మాటిమాటికీ తీసి చూడకూడదు. వీటికి పెద్ద చదువులు అక్కర్లేదు.

ఇక రోడ్డు మీద ప్రమాదం. "పోలీసులు మనల్నే పట్టుకుంటారు" అన్న భయంతో బండి ఆపనివాళ్ళున్నారు. 2016 లో సుప్రీంకోర్టు, గాయపడినవారికి సాయం చేసినవాళ్ళను వేధించకూడదన్న మార్గదర్శకాలకు చట్టబలం ఇచ్చింది. 2019 లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేర్చి ఆ రక్షణను చట్టంలోనే పెట్టారు. 108 అంబులెన్సు అయితే మన తెలుగు నేల మీదే 2005 ఆగస్టు 15 న మొదలైంది. ఆ నంబరు నొక్కడం కూడా కొండను మోసుకురావడమే. మూలిక మనకు తెలియదు, తెలిసినవాళ్ళ దగ్గరికి చేర్చాం.

అమ్మా, ఇక మీ ప్రశ్నకు నాకు తోచిన జవాబు. ఆయనకు పాపం లేదు. ఎవరూ నేర్పలేదు, చిన్నప్పటినుంచీ చూసిందే చేశాడు. ఆయన్ని నిందించకండి. కానీ తెలిసే అవకాశం చేతిలో ఉండి కూడా, "నా మనసు మంచిది, అది చాలు" అని నేర్చుకోకపోతే మాత్రం దోషమే అంటాను. ఎందుకంటే అక్కడ మనం చూసుకుంటున్నది మన మనసుని, పడిపోయినవాడి ప్రాణాన్ని కాదు. దయ అనేది ఎదుటివాడికి అందాలి. మన తృప్తి దగ్గరే ఆగిపోతే అది దయ ఎలా అవుతుంది? మీకు వీలైతే ఆ పెద్దాయనకి నోట్లో ఏదీ పెట్టకూడదన్న ఒక్క ముక్క మెల్లగా చెప్పండి. పరుగెత్తుకొచ్చే గుణం ఆయనకెలాగూ ఉంది, రేపు ఇంకొకరికి అది నిజంగా ఉపయోగపడుతుంది.

మనం వ్రతాలకు రోజులు కేటాయిస్తాం, యాత్రలకు సెలవులు పెడతాం. ఒక్క పూట దీనికీ ఇవ్వండి. రెడ్ క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్స్ లాంటి సంస్థలు ప్రథమ చికిత్స నేర్పుతాయి. మీ గుడిలో, మీ భజన మండలిలో అడిగి ఒక శిక్షణ పెట్టించండి. ఈలోగా పూజగది పక్కన ఒక చిన్న డబ్బాలో శుభ్రమైన గుడ్డ, కట్టు బట్ట, కత్తెర పెట్టి, దాని మూత మీద 108 అని పెద్ద అంకెలతో రాసి ఉంచండి.

శుభం.