నడిమి ఆటగాడు



ఫుట్‌బాల్ జట్టులో వెనక కాపుకాసేవాళ్లకూ, ముందు గోల్ కొట్టేవాళ్లకూ నడుమ ఆడేవాడు మిడ్‌ఫీల్డర్. పాత హైదరాబాదీలు హాఫ్ బ్యాక్ అనేవాళ్లు. పెద్ద స్థాయి ఆటలో 90 నిమిషాల్లో అతను పది పన్నెండు కిలోమీటర్లు తిరుగుతాడు. అందులో బంతి అతని కాలి దగ్గర ఉండేది రెండు మూడు నిమిషాలే. మిగిలినదంతా బంతి లేని పరుగే. తోటివాడికి దారి చేయడానికో, ఎదుటివాడి దారి మూయడానికో ఉరుకుతూనే ఉంటాడు. ఎక్కువ మంది చూడని ఆ పరుగుతోనే అతని జీతం ముడిపడి ఉంటుంది.

పొద్దుగూకే వేళ బడి మైదానంలో ఆడే పిలగాండ్లను గమనిస్తే ఈ సంగతి తెలుస్తుంది. ఎర్ర దుమ్ము లేచిన చోటల్లా బంతి ఉంటుంది, బంతి ఉన్న చోటల్లా పది మందీ ఉంటారు. ఎప్పుడో ఒకడు మాత్రం గుంపుకు కాస్త ఎడంగా ఆగి, భుజం మీదుగా మెడ తిప్పి, ఎవరు ఖాళీగా ఉన్నారో చూసుకుంటాడు. నడిమి ఆటకు పుట్టినవాడు వాడే. బంతి అందాక చూద్దామనుకుంటే అప్పటికే ఎదుటివాడు కాలి మీదికి వచ్చి ఉంటాడు.

ఈ చూపునూ, ఈ కాలినీ తయారుచేసే విద్య హైదరాబాద్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం చేతిలో పండింది. వృత్తి రీత్యా ఆయన బడి పంతులు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. బలం లేని కాలితోనే బంతి తన్నాలన్న షరతుతో ఆయన పోటీలు పెట్టేవాడు. కుడికాలివాటం కుర్రవాడు ఎడమకాలితో తన్నబోయి తూలిపడడం, బంతి ఎటో పోవడం, పక్కనున్నవాళ్లు నవ్వడం ఆ సాధనలో భాగమే. నడుమ ఆడేవాడికి ఒక్క కాలే ఉంటే ఎదుటివాడికి సగం పని తగ్గినట్టే. నలుగురిలో నవ్వులపాలైనా చేతకాని కాలిని చేతనైన కాలిగా మార్చుకున్నవాడే ముందుకు పోతాడు. రహీం తయారుచేసిన హాఫ్ బ్యాక్ యూసుఫ్ ఖాన్ రోమ్ ఒలింపిక్స్‌లోనూ, జకార్తాలోనూ ఆడాడు. 1966లో అర్జున అవార్డు అందుకున్నాడు.

ఆటనే వృత్తిగా బతకడమంటే ఏమిటో తెలుసుకోవాలంటే మాత్రం మహమ్మద్ హబీబ్ జీవితం చూడాలి. 1949 జూలై 17న పుట్టిన ఈ హైదరాబాదీ 1966లో కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. పదిహేడేళ్లకు పైగా అక్కడి మూడు పెద్ద క్లబ్బులు ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్‌ల తరఫున మార్చి మార్చి ఆడాడు. ముందు వరుసకూ మధ్య వరుసకూ నడుమ తిరుగుతూ, బంతి పోతే తానే వెనక్కి ఉరికి తెచ్చుకునేవాడు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టులో ఉన్నాడు. ఆ జట్టు కెప్టెన్ నయీముద్దీన్ కూడా హైదరాబాదీయే.

ఆ రోజుల్లో ఆటగాళ్లకు బ్యాంకులోనో, రైల్వేలోనో ఉద్యోగం ఉండేది. హబీబ్ వచ్చిన ఉద్యోగాలను కాదనుకుని ఆట మీదే బతికాడు. ఈ తెగువ అందరూ అనుకరించవలసింది కాదు. పల్లె నుంచి వచ్చిన పేదింటి కుర్రవాడు స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తే తీసుకోవడంలో తప్పేమీ లేదు. హబీబ్ దగ్గర నేర్చుకోవలసింది నిష్ఠ. ఏ జెర్సీ తొడిగితే ఆ జెర్సీ ఉప్పు తిన్నట్టు ఆడాడు. అందుకే క్లబ్బులు మారినా, బద్ధశత్రువుల్లాంటి అభిమానులు కూడా ఆయనను ‘బడే మియాఁ’ అనే పిలిచారు.

1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ తలపడింది. మోహన్ బగాన్ రెండో గోల్ హబీబ్‌దే. తర్వాత పెనాల్టీతో కాస్మోస్ 2-2 చేసుకుని బయటపడింది. జనం పీలేను చూడడానికి వచ్చారు. ఎదుట ఎవరున్నారన్నది హబీబ్ పట్టించుకున్నట్టు ఆ ఆటలో కనిపించదు. 1980లో ఆయనకు అర్జున అవార్డు వచ్చింది.

ఈ వృత్తికి ఆయుష్షు తక్కువ. ఎక్కువ మందికి ముప్పై మూడు, ముప్పై నాలుగు దాటేసరికి కాళ్లు మాట వినవు. మోకాలి లిగమెంట్ తెగితే నెలల తరబడి ఆట ఉండదు, కొందరికి అంతటితోనే ముగుస్తుంది. చదువు మధ్యలో వదలనివాడికీ, వచ్చినప్పుడే నాలుగు డబ్బులు వెనకేసుకున్నవాడికీ ఆ రోజు అంత భారం కాదు. శిక్షకుడి లైసెన్సులు మెట్టు మెట్టుగా ఉంటాయి. ఆడుతున్న కాలంలోనే మొదటి మెట్టు ఎక్కినవాళ్లూ ఉన్నారు. హబీబ్ కూడా ఆట మానేశాక జంషెడ్‌పూర్‌లోని టాటా ఫుట్‌బాల్ అకాడమీలోనూ, హల్దియాలోనూ కుర్రవాళ్లకు నేర్పాడు. చివరికి హైదరాబాద్‌లోనే 2023 ఆగస్టు 15న, 74 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.