కరస్థలమున నిలిచిన చూపు

మరణము సంభవించిన యింట బంధువులు తఱచుగా పలుకు మాట యొకటి కలదు: లింగైక్యమైన వారి కొఱకు కంట తడి పెట్టరాదని. శరణులు మరణమును పండుగగా నెంచిన మాట నిజమే. అయితే అది తమ మరణమును గూర్చి వారు చేసికొన్న నిశ్చయము. ఒరుల కన్నీటికి ఆనకట్ట వేయుటకై చెప్పినది కాదు.

అల్లమప్రభువు వృత్తాంతమును కన్నడకవి హరిహరుడు ప్రభుదేవర రగళెలో చెప్పిన తీరు ఇచట స్మరణీయము. మద్దెల వాయించుటలో నేర్పరియైన అల్లముడు కమలతను వరించి పెండ్లియాడెను. కొలది కాలమునకే ఆమె జ్వరముచే గతించెను. అతడు మతి చెదరి, ఊరు విడిచి తిరుగాడెను. ఒకచోట కూర్చుండి, ఏమియు తోచక కాలిగోటితో నేలను గీఱుచుండగా బంగారు కలశము బయల్పడెను. త్రవ్వింపగా దేవాలయము! తలుపు తన్ని తెఱవగా లోపల, కరస్థలమందలి లింగమునే చూచుచున్న యోగి. ఆయనయే అనిమిషయ్య. ఆ లింగము అల్లముని చేతికి వచ్చెను. ఆ క్షణముననే అనిమిషయ్య ప్రాణము విడిచెను.

ఇందు ఏడువవలదని అల్లమునకు చెప్పినవారెవ్వరును లేరు. చెదరిన చూపునకు నిలుచు చోటు దొరకినది, అంతియే. ఆ దుఃఖితుడే తరువాత కల్యాణమున శూన్యసింహాసన మధిష్ఠించిన ప్రభుదేవుడు.

ఆ చోటు లింగధారులందఱి యొద్దను ఉన్నది. ఇష్టలింగమును ఎడమ అరచేత నుంచి, దీపపుకాంతి దానిపై మెఱయు తావున దృష్టి నిలిపి, ఊపిరితో పంచాక్షరిని జపింపవలయును. మనస్సు జాఱిపోవును; జాఱినదని తెలిసినంతనే మరల తేవలయును. నూఱుమార్లు జాఱినను దోషము లేదు. (పూజ నడుమ గడియారము వంక చూచువారికి నూఱుమార్లు చాలవేమో!)

దేహమే దేవాలయమని బసవేశ్వరుని బోధ. ఆలయమును పస్తుంచుట భక్తి కాదు. మంచము పట్టిన అత్తగారికి నెలల తరబడి సేవచేసి, ఆమె గతించిన పిదప అన్నము మానిన కోడలిని పదుగురు మెచ్చుకొనుట విచారకరము. ఆమె ప్రసాదము స్వీకరింపవలయును, నిద్రింపవలయును. వారములు గడచినను నిద్ర రాకున్నను, బ్రతుకుపై రోత కలిగినను వైద్యుని చూడవలయును. అది శివభక్తికి లోపము కానేకాదు.

పరామర్శకు వచ్చువారు వేదాంతము కట్టిపెట్టి ఒకపూట వంట చేసి పెట్టవచ్చును. ఆమె స్నానమాడి లింగము ముందు కూర్చుండు అరగంటసేపు పిల్లలను పెరటిలోనికి కొనిపోవువారు ఒక్కరుండిన చాలును.